అవ్వ బొటనవేలి కొలత: ప్లస్ టూ డిజైన్ ప్రాజెక్టులో నా అనుభవం

శనక్కాయలు ఒలిచేటప్పుడు వేలు పగలకుండా మేం 3డీ ప్రింటరు మీద చేసి తీసుకుపోయిన మొదటి తొడుగు మా అవ్వ బొటనవేలికి సగం దాకా ఎక్కి ఆగిపోయింది. కంప్యూటర్‌లో వెడల్పు 18.2 మిల్లీమీటర్లు పెట్టాను, కొలిచింది కూడా నేనే, సన్నటి కొలతలు తీసే డిజిటల్ కాలిపర్‌తో రెండుసార్లు కొలిచాను, అయినా పట్టలేదు. అవ్వ కోప్పడలేదు. "పోనీలే పాపా, నా వేలే లావైపోయుండాది" అని దాన్ని పక్కన పెట్టి మళ్లీ వట్టి చేత్తోనే కాయలు ఒలవడం మొదలుపెట్టింది. వేలు లావు కావడం తన తప్పన్నట్టు ఆమె అనడం నాకు చాలా బాధేసింది. ఈ ప్రాజెక్టు గురించి ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

మాది అనంతపురం. అవ్వావాళ్లు కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉంటారు, ఐదెకరాల మెట్ట, వానొస్తే శనక్కాయ, రాకపోతే లేదు. నేను టౌన్‌లో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో ప్లస్ టూ చదివాను. సీబీఎస్‌ఈలో 11, 12 తరగతులకు డిజైన్ థింకింగ్ అండ్ ఇన్నోవేషన్ అని ఒక స్కిల్ సబ్జెక్టు ఉంది, దాన్ని నేను తీసుకుంటానంటే ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఎంపీసీ తీసుకుని పక్కన ఇదేంటి, టైమ్ వేస్ట్ కాదా అని నాన్న. డిజైన్ అంటే చీరల డిజైనా అని అమ్మ. అమ్మ ఆ మాట అడగడానికి కారణముంది, మా మామ ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. ముందు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపేవాడు, ఆ గడులను బట్టే మగ్గానికి డిజైన్ అందించే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు, తర్వాత అదే పని కంప్యూటర్ మీదకు వచ్చింది. నా తరఫున మాట్లాడింది కూడా మామే. "అది కూడా చదువే బావా, పాపను చదవనీ" అన్నాడు. నాకు చిన్నప్పటి నుంచి ఆ గ్రాఫ్ కాగితాలంటే ఇష్టం, ఒక్క గడి తప్పు నింపితే అంచు మొత్తం ఆ తప్పు తిరిగి తిరిగి వస్తుందని మామ చెప్పేవాడు, స్కూల్లో పిక్సెల్, అంటే తెర మీద బొమ్మలో ఉండే చిన్న గడి, గురించి చెప్పినప్పుడు నాకు వెంటనే అర్థమైంది అందుకే.

ప్లస్ టూలోకి రాగానే ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఇచ్చారు. ముగ్గురు ముగ్గురుగా బ్యాచ్‌లు. సార్ పెట్టిన షరతు ఒకటే, సమస్య మీ ఇంట్లోనో వీధిలోనో మీ కళ్లతో చూసినదై ఉండాలి. కానీ అందరం చేసింది ఒకటే పని, ల్యాబ్‌లో ఏ సామాన్లున్నాయో చూసుకుని దానికి తగ్గ సమస్య వెతుక్కున్నాం. మా క్లాసులో నాలుగు బ్యాచ్‌లు నేల తేమ కొలిచే సెన్సారును ఆర్డినో అనే చిన్న కంట్రోలు బోర్డుకు కలిపి మోటారు ఆన్ చేసే పనే తీసుకున్నాయి. మేమూ మొదటి పది రోజులు అదే చేశాం. రెండు కాళ్ల చవక సెన్సారు కొని తడి మట్టిలో గుచ్చి పెడితే కొన్ని రోజులకే దాని కాళ్ల మీద పూత తినేసి లెక్కలు తప్పు చూపించడం మొదలుపెట్టింది, కరెంటు పారుతూ తడిలో ఉన్న లోహం కదా, అది సహజమే. అయినా మా అవ్వావాళ్లకు బోరే లేదు. బోరు లేని వాళ్లకు మోటారు ఆన్ చేసే పరికరం ఎందుకు అని నేను అడిగాను, మా బ్యాచ్‌లో ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. విత్తనాలకు కాయలు ఒలిచే రోజులు అవి. తెలియని వాళ్ల కోసం చెప్తాను, మా వైపు జూన్, జూలైలో పదును కాగానే విత్తాలి, అందుకని ఎండాకాలంలోనే దాచిన కాయల్ని ఒలిచి సిద్ధం చేసుకుంటారు. మిషన్లు ఉన్నాయి, కానీ మిషన్‌లో కొన్ని గింజలు బద్దలైపోతాయి, కొన్నిటికి పైన ఎర్ర పొర గీసుకుపోతుంది. తినే గింజకైతే ఫర్వాలేదు, విత్తే గింజకు ఆ పొరే రక్ష. పొర చిరిగితే మట్టిలో బూజు పట్టి మొలక కుళ్లిపోతుంది, మొలిచినా మొదలుకుళ్ళు వస్తుంది. గింజ కొనలో మొలక ఉండే చోటు నలిగితే అసలు మొలవనే మొలవదు. అందుకే విత్తనం వరకు చేత్తోనే ఒలవాలని అవ్వ పట్టు. వేపచెట్టు కింద ఏడెనిమిది మంది కూర్చుని పొద్దుటి నుంచి ఒలుస్తారు, బొటనవేలి పక్క తోలు పగిలి రక్తమొస్తే పాత చీర పేలిక చుట్టుకుని మళ్లీ ఒలుస్తారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, నేనూ పక్కన కూర్చుని ఒలిచిందే, ఇది ఒక సమస్య అని నాకెప్పుడూ తోచలేదు. ఆ రోజు అవ్వ గోరు పక్కన పుండు చూసి ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టాను. సెన్సారు పని ఆ రాత్రే వదిలేశాం.

తర్వాత వారం ముగ్గురం పోయి ఒకటిన్నర రోజు చూస్తూ కూర్చున్నాం. ఇది చదివే ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలకు గట్టిగా చెప్పేది ఇదే, చూసే పనికి టైమ్ ఇవ్వండి. మేం ముందే ఊహించుకుపోయింది ఏమంటే, కాయను బొటనవేలి మెత్తటి భాగంతో నొక్కుతారని. ఫోన్లో స్లో మోషన్ పెట్టి తీసి చూస్తే అది పూర్తిగా తప్పు. కాయ ముక్కును చూపుడువేలి మొదటి కణుపు మీద ఆనించి, బొటనవేలి గోరు పక్క అంచుతో ఒక్క నొక్కు నొక్కి, అదే ఊపులో మణికట్టు కొంచెం తిప్పుతారు. మెత్తటి భాగం చేసే పని వేరే, అది కాయను దొర్లించి ముక్కు ఎటుందో వెతుకుతుంది. ఇదంతా అర సెకను కూడా పట్టదు. వాళ్లను అడిగితే "ఏముంది పాపా, నొక్కితే పగుల్తాది" అంటారు, ఎలా నొక్కుతున్నారో వాళ్లకూ మాటల్లో రాదు. ఆ వీడియో లేకపోతే మేం తప్పు చోట తొడుగు పెట్టేవాళ్లం.

మొదట కంప్యూటర్ జోలికి పోలేదు. నీళ్ల సీసా మూతలు కోసి, సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, ఎం-సీల్‌తో వేలి చుట్టూ అచ్చు పోసి పన్నెండు రకాలు చేశాం. అన్నీ కలిపి రెండు వందలు కూడా కాలేదు. వాటిలో ఒకటి, గోరు పక్కన చిన్న గట్టు ఉన్నది, కాయను బాగా పగలగొట్టింది. దాన్నే కంప్యూటర్‌లోకి తెచ్చాం. టింకర్‌క్యాడ్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టాం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా వస్తుంది. గుండ్రటి రింగు, దాని పక్కన గట్టు, అంతే.

ఇక ప్రింటరు. మా స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. నీతి ఆయోగ్ 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలుపెట్టింది, దాని కింద 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం స్కూళ్లకు 20 లక్షల వరకు గ్రాంటు ఇచ్చి పెట్టించిన ల్యాబులు ఇవి. కానీ మా ల్యాబ్‌కు ఎప్పుడూ తాళమే. సామాను పాడైతే ఎవరు బాధ్యులని భయం, అందుకని ఎవరైనా చూడటానికి వచ్చిన రోజే తీసేవాళ్లు. పిల్లల కోసం ఇచ్చిన మిషన్ మీద గుడ్డ కప్పి పెట్టడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. సార్ తన పూచీ మీద తాళం తీయించారు. ఎన్నాళ్లుగానో వాడకపోవడంతో నాజిల్‌లో, అంటే కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే సన్నటి మూతిలో, పాత ఫిలమెంట్ (ప్రింటరు కరిగించే ప్లాస్టిక్ తీగ) గట్టిపడి ఉంది. యూట్యూబ్‌లో చూసి కోల్డ్ పుల్ చేశాం, అంటే నాజిల్‌ను 200 డిగ్రీలకు వేడి చేసి, కొత్త ఫిలమెంట్ తోసి, 90 దాకా చల్లారనిచ్చి ఒక్కసారిగా వెనక్కు లాగడం. మూడోసారికి కాలిన నల్లటి మడ్డి అంతా దానికి అంటుకుని బయటికొచ్చింది. ఆ రోజు ముగ్గురం గట్టిగా అరిచాం సంతోషంతో.

ఆ మిషన్ మీద వచ్చిన మొదటి తొడుగే అవ్వకు పట్టనిది.

ఎందుకు పట్టలేదో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. నేను కొలిచింది ఒక ఉదయం, అవ్వ చెయ్యి చాపి ఊరికే కూర్చున్నప్పుడు. మధ్యాహ్నం దాకా ఒలిచాక అదే వేలు కొలిస్తే ఉబ్బి ఉంది, నొక్కుతున్నప్పుడు ఇంకా వెడల్పవుతుంది. 18.2 కాస్తా 19.6 అయింది. ఇంకొకటి, వేలు గుండ్రంగా ఉండదు, వెడల్పు వేరు మందం వేరు. రింగు అని మనసులో పెట్టుకున్నాం కాబట్టి గుండ్రంగా గీశాం, ఎదురుగా ఉన్న వేలిని చూడలేదు. టింకర్‌క్యాడ్‌లో దాన్ని సాగదీస్తే గట్టు కూడా సాగిపోయి ఆకారం మారిపోతోంది, ప్రతిసారీ మొదటి నుంచి చేసుకోవాల్సి వస్తోంది.

అప్పుడు సార్ ఓపెన్‌స్కాడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ చూపించారు. ఉచితం, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. ఇందులో మౌస్‌తో గీయరు, ఆకారాన్ని కోడ్‌గా రాస్తారు. పైన మూడు వరుసలు పెట్టుకున్నాను, వెడల్పు ఇంత, మందం ఇంత, గట్టు ఎత్తు ఇంత. కింద ఉన్న కోడ్ అంతా ఆ మూడు అంకెల మీదే ఆధారపడుతుంది. అంకె మార్చి ఎఫ్6 నొక్కితే గట్టు చెడకుండా కొత్త సైజు తయారు. అంతకుముందు నేను కోడింగ్ అంటే పరీక్షకు రాసే పైథాన్ అనుకునేదాన్ని. అంకె మారగానే తెర మీద అవ్వ వేలు తొడుగు పక్కింటి చిన్నమ్మ వేలు తొడుగైపోవడం చూసినప్పుడు డిజిటల్ అన్న మాటకు నాకు కొత్త అర్థం తెలిసింది. అంగట్లో దొరికేదైతే ఒకే సైజు వస్తుంది, పట్టినవాళ్లు వాడతారు, పట్టనివాళ్లు మా అవ్వలాగే తమ వేలినే తప్పుపడతారు. ఇక్కడ ఎవరి వేలికి వాళ్లది, అదీ అదనపు ఖర్చేమీ లేకుండా. కిలో ఫిలమెంట్ వెయ్యి రూపాయల చుట్టుపక్కల, ఒక్క తొడుగుకు ఐదారు గ్రాములు పడుతుంది, మీరే లెక్కేసుకోండి.

ప్రింటింగ్ కష్టాలు చాలానే ఉన్నాయి గానీ ముఖ్యమైనవి చెప్తాను. ఒకటి, కరెంటు. మేలో మధ్యాహ్నాలు కరెంటు పోయేది, సగం ప్రింటులో ఆగితే మా మిషన్ మళ్లీ మొదటి నుంచే, కాబట్టి పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టేవాళ్లం. రెండోది, తొడుగు నిలబెట్టి ప్రింట్ చేశాం, అది గట్టు దగ్గర పొరలు ఊడి రెండుగా విరిగింది. 3డీ ప్రింటు 0.2 మిల్లీమీటర్ల పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన వస్తువు, పొరల మధ్య అతుకు బలహీనం, నొక్కు ఏ దిక్కున పడుతుందో చూసుకుని పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం, నాకు మాత్రం ఒక పెద్దమ్మ వేలికి గీసుకుని తెలిసింది, ఆ రోజు నుంచి ముందు నా వేలికి వేసుకుని రెండు వందల కాయలు ఒలిచాకే ఎవరికైనా ఇచ్చేదాన్ని.

మూడోది, ఎండ. చిన్నాన్న వ్యానులో ఊరికి పోతూ ఆరు తొడుగులు డ్యాష్‌బోర్డు మీద పెట్టాం, మధ్యలో భోజనానికి ఆగి గంట తర్వాత వచ్చి చూస్తే అన్నీ మెత్తబడి వంకరపోయాయి. మేం వాడిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బయట 42 అయితే మూసిన వ్యాను అద్దం వెనక 60 దాటడం ఎంతసేపు! ఈ ప్లాస్టిక్‌తో వస్తువు చేసేవాళ్లు మన అనంతపురం ఎండను కూడా ఒక కొలతగా వేసుకోవాలి. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ అయితే 80 దాకా తట్టుకుంటుంది, కొంచెం వంగినా విరగదు, కానీ నాజిల్ 230 పైన పెట్టాలి, దారాలు దారాలుగా సాగుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి మాకు వారం పట్టింది.

ఇవన్నీ అయ్యాక, పట్టే తొడుగు పట్టుకుని పోయాం. అవ్వ వేసుకుంది, పది నిమిషాలు ఒలిచింది, తీసి ఒళ్లో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బిగువుందా అవ్వా అంటే లేదంది. నొప్పా అంటే లేదంది. పక్కన చిన్నమ్మ చెప్పింది, "కాయ తెలీడం ల్యా పాపా. గుడ్డోళ్ల మాదిరి తడుముకోవాల." వీడియోలో మేమే చూశాం కదా, వేలి మెత్తటి భాగం కాయను దొర్లించి ముక్కును వెతుకుతుందని, చూసి నోటుబుక్కులో రాసుకుని కూడా ఆ భాగాన్ని ప్లాస్టిక్‌తో కప్పేశాం. చెమట కూడా లోపల నిలిచి జారుతోంది.

అక్కడే వేపచెట్టు కింద బ్లేడుతో ఆ తొడుగు ముందు భాగం కోసేశాం. మెత్తటి భాగం మొత్తం బయటికి, గోరు మీద సన్నటి పట్టీ, గోరు పక్కన మాత్రం గట్టు. గట్టు ఎత్తు కూడా తగ్గించమన్నారు. మేం 3 మిల్లీమీటర్లు పెట్టాం, అది డిప్ప దాటి లోపలికి పోయి గింజ పొర గీస్తోంది, 1.5కు తగ్గిస్తే డిప్ప పగిలి ఆగిపోతోంది. ఆ 1.5 అనే అంకె మాకు తెలిసింది కాదు, ఐదుగురు ఆడవాళ్లు గింజను ఎండకు పట్టి చూసి చెప్పింది. కొత్తది ప్రింట్ చేసి తెచ్చాక యాభై గింజలు తొడుగుతో, యాభై గింజలు చేత్తో ఒలిచి తడి గోనె సంచిలో చుట్టి పెట్టాం. నాలుగైదు రోజులకు విప్పి చూస్తే మొలకల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అవ్వ అప్పుడు నమ్మింది. వాళ్ల వేళ్లన్నీ కొలిచి, మధ్యాహ్నం పూట, పని మధ్యలో కొలిచి, పదకొండు తొడుగులు చేశాం. లోపలి వైపు సైజు అంకె చెక్కించాం, ఎవరిది వాళ్లకు తెలియాలని.

జూలైలో ప్రాజెక్టు చూపించాం. చూడటానికి బయటి నుంచి వచ్చినాయన తొడుగు చేతిలోకి తీసుకుని "ఇందులో టెక్నాలజీ ఏముంది, సెన్సార్ ఏది" అని అడిగారు. నేను కోడ్ చూపించాను, పదకొండు సైజులు ఒక్క ఫైలు నుంచి ఎలా వచ్చాయో చెప్పాను, వీడియో చూపించాను. మాకంటే లైటు వెలిగే ప్రాజెక్టులకు ఎక్కువ మార్కులు వచ్చాయి. మార్కుల కోసం బాధపడ్డాను, అబద్ధం చెప్పను, కానీ అంతకంటే ఎక్కువ బాధ ఆయన దాన్ని వేలికి పెట్టుకుని చూడకపోవడం. పక్కన బుట్టలో కాయలు కూడా పెట్టాం.

డిజైన్ చదవాలనుకునే వాళ్లు చాలామంది అడుగుతారు కాబట్టి ఇదీ చెప్తాను. బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీకి యూసీడ్ అని ఐఐటీ బొంబాయి నడిపే పరీక్ష ఉంది, ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు, వరుసగా రెండేళ్లే అవకాశం. ఐఐటీ హైదరాబాద్‌లో కూడా దానితోనే బీడిజైన్ సీటు. ఎన్‌ఐడీలకు, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లకు, డాట్ అనే పరీక్ష వేరే, ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలు, మన రాష్ట్రంలో కూడా ఒక ఎన్‌ఐడీ ఉంది. నేను ఈ జనవరిలో యూసీడ్ రాశాను. అందులో రెండో భాగం కాగితం మీద చేత్తో గీయడం. కోచింగ్ పోలేదు, మా ఊళ్లో తోడుగా ప్రాక్టీస్ చేసేవాళ్లూ లేరు, కానీ వేళ్లు గీయడానికి నాకు భయం వేయలేదు. మూడు నెలలు రోజూ వేళ్లే గీశాను, వంగిన వేలు, నొక్కిన వేలు, పేలిక చుట్టిన వేలు. నాన్న ఇప్పుడు టైమ్ వేస్ట్ అనడం లేదు, పోయినసారి ఊరికి పోతే కాలిపర్ ఆయనే గుర్తు చేశాడు.

మళ్లీ కాయలు ఒలిచే రోజులొచ్చాయి. పదకొండులో ఏడు వాడుతున్నారు, రెండు విరిగాయి, ఒకటి పోయింది, ఒకామె తనకు వట్టి చెయ్యే బాగుందని పక్కన పెట్టేసింది. కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. పోయినేడు అందరిదీ కదిరి-6 రకం కాయ, ఈసారి కొందరు కదిరి లేపాక్షి అనే ఇంకో రకం దాచారు, దానికి మా గట్టు సరిగ్గా ముక్కు మీద ఆనడం లేదు, జారిపోతోందంటున్నారు. ఎడమచేతి వాటం ఉన్న అక్క ఒకరు తనకూ చేయమన్నారు, అది సులువే, కోడ్‌లో తిరగేస్తే చాలు, ఆమె వేలు 17.4. కదిరి లేపాక్షికి మాత్రం గట్టు ఎత్తు మార్చాలా, వంపు మార్చాలా ఇంకా తేలలేదు, ఆదివారం ఫోను, కాలిపర్ తీసుకుని పోతున్నాను. అవ్వ శేరు కాయలు విడిగా తీసి పెట్టిందంట, స్లో మోషన్‌లో తీయడానికి.